డిబేట్‌లో చెప్పిన మాట నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి?

తడుముకోకుండా, గట్టిగా మాట్లాడేవాళ్లే కరెక్ట్ అనిపిస్తుంది ఎవరికైనా. అందుకే ముందు ఆ గొంతును పక్కన పెట్టి, వాళ్లన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు కాగితం మీద రాసుకోండి. క్లిప్ అయితే దానికి ముందు, తర్వాత ఏమన్నారో కూడా వినండి.

రాసుకున్నాక అభిప్రాయాన్ని విడదీయండి. "ఇది దారుణం" అన్నదాన్ని సరిచూడలేం, వదిలేయండి. "దీనివల్ల ప్రమాదం రెట్టింపైంది" అన్నారంటే మాత్రం అక్కడ ఆగాలి.

రెట్టింపు అంటే ఎంత నుంచి ఎంతకి? నా దృష్టిలో దీన్ని మించిన ప్రశ్న లేదు. 1995లో బ్రిటన్‌లో కొన్ని కొత్త రకం గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపవుతుందని అధికారిక హెచ్చరిక వచ్చింది. అబద్ధమేమీ కాదు, కానీ పాత రకం మాత్రలు వాడేవాళ్లలో సుమారు 7,000 మందికి ఒకరికి వచ్చేది కొత్తవాటితో ఇద్దరికి వస్తుందన్నది అసలు లెక్క. ఆ లెక్క చెప్పకుండా రెట్టింపు అన్న ఒక్క మాటే జనంలోకి వెళ్లేసరికి ఎంతోమంది భయపడి మాత్రలు మానేశారు, మరుసటి ఏడాది అబార్షన్లు వేలల్లో పెరిగాయి. గర్భం వస్తే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఆ మాత్రలతో వచ్చేదానికన్నా ఎక్కువ కూడాను! తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

శాతాలతోనూ జాగ్రత్త. 5 శాతం ఉన్నది 10 శాతమైతే ఒకరు "5 పాయింట్లే పెరిగింది" అంటారు, ఇంకొకరు "100 శాతం పెరిగింది" అంటారు, ఇద్దరిదీ నిజమే.

తర్వాత, లెక్క ఏ ఏడాది నుంచి మొదలుపెట్టారో చూడండి. "1998 నుంచి భూమి వేడెక్కడం ఆగిపోయింది" అని కొన్నేళ్లపాటు గట్టిగా వాదించారు. బలమైన ఎల్ నినో (పసిఫిక్ సముద్రపు నీళ్లు మామూలుకన్నా వేడెక్కడం) వల్ల 1998 మామూలుకన్నా బాగా వేడిగా ఉన్న ఏడాది, అప్పట్లో అక్కడినుంచి గీత గీస్తే దాదాపు చదునుగానే కనిపించేది. మొదలును రెండు మూడేళ్లు అటూ ఇటూ జరిపి చూడండి, వాదన నిలబడుతుందో లేదో తెలిసిపోతుంది.

"ఒక అధ్యయనంలో తేలింది" అంటే ఏ అధ్యయనం, ఎంతమంది మీద, ఇప్పటికీ చెల్లుతుందా అని వెతకాలి. ఎంఎంఆర్ టీకాకూ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా పిల్లలకు వేసేది) ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి పేపర్‌లో ఉన్నది 12 మంది పిల్లలే, దాన్ని అచ్చేసిన లాన్సెట్ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. అయినా ఆ వాదన వినిపిస్తూనే ఉంటుంది.

ఇంత చేసినా ఆధారం దొరకకపోతే ఆ వాక్యం పక్కన "తేలలేదు" అని రాయండి, "అబద్ధం" అని కాదు.