బ్లడ్ కల్చర్ పాజిటివ్ వచ్చిన రోజే సెన్సిటివిటీ ఇవ్వాలంటే

పేషెంటు రక్తం ఉన్న కల్చర్ బాటిల్‌లో సూక్ష్మజీవి పెరిగి, పాజిటివ్ అని మెషీన్ మోగాక, సెన్సిటివిటీ (ఏ యాంటీబయాటిక్ దాని మీద పనిచేస్తుందో) తేల్చడానికి మామూలుగా ఏం చేస్తాం? ప్లేటు మీద వేస్తాం, మర్నాడు కాలనీ (పెరిగిన బ్యాక్టీరియా గుంపు) తీసి కొత్త ప్లేటు మీద పరచి యాంటీబయాటిక్ డిస్కులు పెడతాం, ఆ మర్నాడు జోన్లు (డిస్కు చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయాలు) కొలుస్తాం. అప్పటిదాకా సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) పేషెంటుకు అంచనా మీదే మందు నడుస్తుంటుంది. యూరప్‌లో ప్రమాణాలు పెట్టే యూకాస్ట్ (EUCAST) సంస్థ 2018లో ఇచ్చిన రాస్ట్ (RAST, త్వరగా చేసే సెన్సిటివిటీ టెస్ట్) పద్ధతిలో 4, 6, 8 గంటలకే జోన్లు చదవొచ్చు. డిస్కులు, ప్లేట్లు మన దగ్గర ఉన్నవే.

ముందు గ్రామ్ స్టెయిన్ (రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష) చూడండి. రెండు రకాల బ్యాక్టీరియా కనిపిస్తే ఇది వద్దు, పాత పద్ధతికే వెళ్లండి. ఒకటే అయితే, బాటిల్ మోగిన 18 గంటల లోపు, 100 నుంచి 150 మైక్రోలీటర్ల ద్రవాన్ని పలుచన చేయకుండా నేరుగా ముల్లర్ హింటన్ ప్లేటు మీద వేసి స్వాబ్‌తో సమంగా పరచండి (న్యుమోకాకస్‌కి ప్లేటు వేరు). 90 మిల్లీమీటర్ల ప్లేటుకి 6 డిస్కులు మించొద్దు. తర్వాత 35 డిగ్రీల ఇంక్యుబేటర్.

అసలు టెన్షన్ టైముతోనే. 4, 6, 8 గంటల రీడింగులకు బ్రేక్‌పాయింట్ (మందు పనిచేస్తుందా లేదా అని తేల్చే జోన్ కొలత) వేర్వేరు కాబట్టి 6 గంటల రీడింగ్ అంటే 5 నిమిషాలు అటూఇటూ, అంతే. జోన్ అంచు స్పష్టంగా లేకపోతే కొలవకండి, 10 నిమిషాల లోపు ప్లేటు తిరిగి లోపల పెట్టి తర్వాతి రీడింగ్‌కి చూడండి. ఎటూ తేలని మధ్య కొలత వచ్చినా అంతే, ఊహించి రాయొద్దు. రొటీన్ చార్టు ఇక్కడ పనికిరాదు. రాస్ట్ టేబుల్‌లో ఒక్కో బ్యాక్టీరియాకి ఒక్కో అంకె ఉంటుంది, అందుకే బ్యాక్టీరియా పేరు తేలేదాకా కొలతలు రాసి ఉంచుకోండి గానీ రిపోర్ట్ ఇవ్వకండి. మాల్డీ (బ్యాక్టీరియా పేరు నిమిషాల్లో చెప్పే) మెషీన్ ఉన్న ల్యాబులకి ఇక్కడ పని తేలిక.

మొదలుపెట్టిన కొత్తలో ప్రతి బాటిల్‌నీ రెండు పద్ధతుల్లోనూ నడిపి పోల్చండి. రెసిస్టెంట్‌ని (మందుకు లొంగనిదాన్ని) సెన్సిటివ్ (లొంగేది) అని రాస్ట్ చూపించిన కేసులనే ముందు లెక్కపెట్టండి, ప్రాణం మీదికి వచ్చేది అవే.

డ్యూటీ లెక్క కూడా చూసుకోవాలి. సాయంత్రం 5కి పెట్టిన ప్లేటు రాత్రి 11కి చదవాలి, ఆ టైముకి నేర్చుకున్న మనిషి లేకపోతే పెట్టి లాభం లేదు. రిజల్ట్ రాగానే వార్డుకి ఫోన్ చేయండి, కాగితం వెళ్లేసరికి తెల్లారుతుంది. కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ని మాత్రం దీంతో పరీక్షించకండి, దానికి డిస్క్ పద్ధతే నమ్మదగింది కాదు, బ్రాత్ మైక్రోడైల్యూషన్ (ద్రవంలో మందును వేర్వేరు మోతాదుల్లో కలిపి చూసే పద్ధతి) చేయాల్సిందే.