చలికాలంలో ఇంటికి తాళం వేసి వెళ్తున్నారా? నీళ్లు కట్టేయండి, హీటింగ్ మాత్రం ఆపకండి

చలికాలం సెలవులకు రెండు మూడు వారాలు ఊరెళ్లేటప్పుడు చాలామంది హీటింగ్ ఆపేసి, నీళ్లు అలాగే వదిలేసి వెళ్తుంటారు. ఇంట్లో మనిషే లేనప్పుడు వేడి దేనికి, బిల్లు దండగ అనిపించడం సహజమే. కానీ మంచు పడే చోట చేయాల్సింది సరిగ్గా దీనికి తలకిందులు. హీటింగ్ తక్కువలో నడుస్తూ ఉండాలి, నీళ్లు మెయిన్ దగ్గరే, అంటే బయటి నుంచి ఇంటికి నీళ్లొచ్చే ప్రధాన వాల్వ్ దగ్గరే కట్టేయాలి. ఈ రెండింట్లో ఒక్కటే చేసే టైమ్ ఉందంటే నేను నీళ్లు కట్టేయడాన్నే ఎంచుకుంటాను. హీటింగ్ ఆగిపోవడానికి మన చేతిలో లేని కారణాలు చాలా ఉంటాయి. కరెంటు పోవచ్చు, ఇంటిని వేడి చేసే ఫర్నేస్ మొరాయించొచ్చు, ట్యాంకులో గ్యాస్ అయిపోవచ్చు. అప్పుడు పైపు పగిలినా, మెయిన్ కట్టేసి ఉంటే పైపుల్లో మిగిలిన కాసిని నీళ్లే బయటికొస్తాయి. కట్టేయకపోతే ఎవరో ఒకరు గమనించేదాకా కారుతూనే ఉంటాయి. చెక్క నేల ఉబ్బిపోవడం, సీలింగ్ ఊడిపడటం, గోడల లోపల బూజు పట్టడం, అన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

పైపు ఎందుకు పగులుతుంది?

నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం పెరుగుతాయి. నిండా నీళ్లు పోసి మూత బిగించిన గాజు సీసాను ఫ్రీజర్‌లో పెడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. పైపు విషయంలో ఇంకో సంగతి కూడా ఉంది. చాలాసార్లు మంచు కట్టిన చోటే పైపు పగలదు. మంచుగడ్డ పెరిగేకొద్దీ, తనకూ మూసి ఉన్న ట్యాప్‌కూ మధ్య చిక్కుకున్న నీళ్లను నెడుతూ పోతుంది. ఆ నీళ్లకు పోయే దారి ఉండదు. ఒత్తిడి పెరిగి పెరిగి, ఎక్కడ పైపు బలహీనంగా ఉందో అక్కడ చీలుతుంది. ట్యాప్ తెరిచి ఉంటే ఈ ఒత్తిడి బయటికి పోతుంది. నీళ్లు కట్టేశాక ట్యాపులు తెరిచి ఉంచమనేది అందుకే.

ఇంకో ఇబ్బంది ఏంటంటే, పైపు చీలినా గడ్డకట్టి ఉన్నంతసేపూ చుక్క నీరు బయటికి రాదు. చలి తగ్గి మంచు కరిగాకే అసలు నష్టం మొదలవుతుంది. గట్టి చలి రోజులు దాటిపోయాయి, ఇక భయం లేదు అనుకునే సమయంలోనే ఇల్లు మునుగుతుంది.

బయట సున్నా డిగ్రీలు కాగానే ఇంట్లో పైపులు గడ్డకట్టవు. మైనస్ 6, 7 డిగ్రీల సెల్సియస్, అంటే 20 ఫారెన్‌హీట్ దగ్గరికి పడిపోయి గంటల తరబడి అలాగే ఉంటే, తొడుగు లేని పైపులకు ప్రమాదం మొదలవుతుంది. గాలి వీస్తుంటే ఇంకా త్వరగా. కేబుల్ వైరు లోపలికి వచ్చే చోట, డ్రయర్ గొట్టం బయటికి పోయే చోట వేలెడు సందు ఉన్నా చాలు, ఆ చల్లగాలి నేరుగా పైపు మీద కొడుతుంటే ఆ ముక్క గడ్డకట్టిపోతుంది. అటక, గ్యారేజ్, క్రాల్ స్పేస్ (ఇంటి నేల కింద పాకుతూ వెళ్లేంత ఖాళీ), బయటి గోడలో ఉన్న వంటగది సింకు, ఈ నాలుగూ ముందు చూడాల్సిన చోట్లు.

ప్రయాణానికి రెండు వారాల ముందే చేయాల్సినవి

మెయిన్ వాల్వ్ ఎక్కడుందో వెతికి, ఒకసారి తిప్పి చూడండి. ఈ పని బయల్దేరే రోజు పొద్దున పెట్టుకోకండి. లివర్ ఉండే బాల్ వాల్వ్ అయితే సమస్య తక్కువ. లివర్ పైపుకు అడ్డంగా ఉంటే మూసినట్టు, పైపు వెంట ఉంటే తెరిచినట్టు. గుండ్రటి చక్రం ఉండే పాత గేట్ వాల్వ్ అయితే ఏళ్ల తరబడి ఎవరూ తిప్పక బిగుసుకుపోయి ఉండొచ్చు. బలం పెట్టి తిప్పితే లోపలి కాడ విరిగిపోతుంది, లేదా పైన నట్టు దగ్గర కారడం మొదలవుతుంది. కారు ఇంటి ముందు ఆగి ఉండగా ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. రెండు వారాల ముందే తెలిస్తే ప్లంబర్‌ను పిలిచి బాల్ వాల్వ్ వేయించుకోవచ్చు.

అప్పుడే నీళ్ల మీటర్ కూడా చూడండి. ఇంట్లో అన్ని ట్యాపులూ మూసేసి, వాషింగ్ మెషిన్, డిష్‌వాషర్ ఏవీ నడవకుండా చూసుకుని మీటర్ ముందు నిలబడండి. చాలా మీటర్ల మీద చిన్న త్రికోణమో చిన్న చక్రమో ఉంటుంది. నీళ్లు ఏ కాస్త పారుతున్నా అది తిరుగుతుంది. ఇంట్లో నీళ్లు వాడకపోయినా అది మెల్లగా కదులుతోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. చాలావరకు అది ఫ్లష్ ట్యాంకులో అరిగిపోయిన రబ్బరు మూత. వెళ్లేముందే మార్చేయండి.

ఫర్నేస్ ఫిల్టర్ మార్చండి. గాలి ఆడక ఫర్నేస్ వేడెక్కి తనంతట తానే ఆగిపోవడానికి మురికి ఫిల్టర్ తరచుగా కనిపించే కారణం. ఇంట్లో వేడి ఎంత ఉండాలో సెట్ చేసే థర్మోస్టాట్‌లో బ్యాటరీలు ఉంటే కొత్తవి వేయండి. చిన్న బ్యాటరీ అయిపోతే పెద్ద ఫర్నేస్ కూడా ఊరికే నిలబడి ఉంటుంది. ఆయిల్, ప్రొపేన్ ట్యాంకు మీద నడిచే ఇల్లయితే మట్టం చూసి నింపించుకోండి. కొత్తరకం ఫర్నేస్‌లకు గాలి లోపలికి తీసుకునే, పొగ బయటికి వదిలే ప్లాస్టిక్ గొట్టాలు పక్క గోడలోంచి బయటికి వస్తాయి. నేలకు దగ్గరగా ఉంటే మంచు పేరుకుని మూసుకుపోతాయి, ఫర్నేస్ ఆగిపోతుంది. ఇంటిని చూసుకునే మనిషికి ఆ గొట్టాలు ఎక్కడున్నాయో చూపించి, మంచు పడ్డాక వాటి ముందు తొలగించమని చెప్పండి.

పైపులకు నురుగు తొడుగులు వేయడం మంచిదే, కానీ వాటి మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. తొడుగు వేడిని పుట్టించదు, ఉన్న వేడి పోవడాన్ని ఆలస్యం చేస్తుంది, అంతే. అంతకంటే చల్లగాలి దూరే సందులు పూడ్చడం వల్ల లాభం ఎక్కువ. పైపులకు చుట్టే కరెంటు హీటింగ్ కేబుల్ వాడేవాళ్లు తయారీదారు సూచనలు చదివి, ఆ ప్రకారమే చుట్టాలి. వైరు పైపొర చిట్లిన పాత కేబుల్‌ను, మనుషులు లేని ఇంట్లో రూమ్ హీటర్‌ను, ఈ రెండింటినీ ఎట్టి పరిస్థితుల్లోనూ ఆన్ చేసి వెళ్లకండి. పైపు పగలడం కంటే ఇల్లు అంటుకోవడం ఎంతో పెద్ద నష్టం.

తోటలో వాడే హోస్ పైపు సంగతి చాలామంది మర్చిపోతారు. గోడ బయట ఉండే ట్యాపుకు హోస్ తగిలించి ఉంటే ఇప్పుడే ఊడదీయండి. ఫ్రాస్ట్-ఫ్రీ (గడ్డకట్టకుండా తయారుచేసిన) ట్యాపే కదా అని ఊరుకోవద్దు. ఆ ట్యాపులో నీళ్లు ఆపే భాగం గోడ లోపల వెచ్చటి చోట ఉంటుంది. మూసినప్పుడు ముందున్న నీళ్లు బయటికి కారిపోవాలి. హోస్ తగిలించి ఉంటే అవి కారవు, ఆ గొట్టంలోనే నిలిచి గడ్డకడతాయి. పగులు గోడ లోపల ఉంటుంది కాబట్టి వసంతంలో ట్యాప్ తిప్పేదాకా ఆ సంగతే తెలియదు. దాని లైనుకు లోపల విడిగా వాల్వ్ ఉంటే అదీ కట్టేసి, బయటి ట్యాప్ తెరిచి వదిలేయండి.

బయల్దేరే రోజు

థర్మోస్టాట్‌ను 13 డిగ్రీల సెల్సియస్ (55 ఫారెన్‌హీట్) కంటే తగ్గించకండి. ఇల్లు పాతదైనా, పైపులు బయటి గోడల్లో ఉన్నా 15, 16 దగ్గర పెట్టడం మేలు. థర్మోస్టాట్ చూపించేది ఇంటి మధ్యలో గోడ మీది వేడి. సింకు కింద మూల అంతకంటే చాలా చల్లగా ఉంటుంది. షెడ్యూల్ మీద నడిచే థర్మోస్టాట్ అయితే దాన్ని "హోల్డ్"లో పెట్టండి, లేకపోతే రాత్రికి తనే ఇంకా తగ్గించేయొచ్చు. స్మార్ట్ థర్మోస్టాట్ అయితే "అవే" మోడ్‌లో కనిష్ఠం ఎంత ఉందో తెరిచి చూడండి. కొన్నింట్లో అది మీరు అనుకున్నదానికంటే బాగా తక్కువగా ఉంటుంది. సింకుల కింద క్యాబినెట్ తలుపులు, గదుల తలుపులు తెరిచి ఉంచండి. గదుల్లో వేడిగాలి వచ్చే జాలీలు మూయకండి.

మెయిన్ ముట్టుకునే ముందు రెండు విషయాలు చూసుకోండి. ఇంట్లో ఫైర్ స్ప్రింక్లర్లు ఉంటే, వాటి నీళ్లు కూడా అదే వాల్వ్ మీదుగా వస్తున్నాయేమో తెలుసుకోండి. వాటికి నీళ్లు ఆపకూడదు. రెండోది, రేడియేటర్లతో నడిచే బాయిలర్. కొన్ని బాయిలర్లు, ముఖ్యంగా ఆవిరి బాయిలర్లు, తగ్గిన నీళ్లను మెయిన్ నుంచి తీసుకుంటాయి. నీళ్లు కట్టేస్తే మట్టం పడిపోయి, రక్షణ స్విచ్ బాయిలర్‌ను ఆపేస్తుంది. అలాంటప్పుడు మెయిన్ వదిలేసి, వంటగది, బాత్రూమ్, వాషింగ్ మెషిన్ లైన్లను విడిగా కట్టేయగలరేమో మీ టెక్నీషియన్‌ను అడగండి.

ఆ తర్వాత పని పది నిమిషాలది. మెయిన్ కట్టేయండి. ఇంట్లో అన్నిటికంటే పైన ఉన్న ట్యాపునూ, అన్నిటికంటే కింద, బేస్‌మెంట్‌లో ఉన్నదాన్నీ తెరవండి, వేడి నీళ్లవి, చల్ల నీళ్లవి రెండూ. కింది ట్యాప్ దగ్గర నిలబడి చూస్తే ధార సన్నబడుతుంది, గరగరమని గాలి వస్తుంది, కాసేపు చుక్కలు, తర్వాత ఆగిపోతుంది. పావుగంట దాటినా దారంలా కారుతూనే ఉంటే మెయిన్ వాల్వ్ పూర్తిగా మూసుకోలేదని అర్థం. అలాగే వదిలేసి వెళ్తే కట్టేసిన ఫలితం దక్కదు. నీళ్లు ఆగాక టాయిలెట్లు ఒకసారి ఫ్లష్ చేసి ట్యాంకులు ఖాళీ చేయండి. బావి నీళ్ల ఇల్లయితే పంపు బ్రేకర్ కూడా ఆపండి.

వాటర్ హీటర్‌ను హీటింగ్ నడిచే ఇంట్లో ఖాళీ చేయనక్కర్లేదు. గ్యాస్‌దైతే "వెకేషన్"లో పెట్టండి, కరెంటుదైతే బ్రేకర్ ఆపండి. మెయిన్ కట్టేసి ట్యాపులు తెరిచినప్పుడు ట్యాంకులో నీళ్లు కొంత తగ్గొచ్చు, అప్పుడు పై ఎలిమెంట్ నీళ్లు లేకుండా కాలితే నిమిషాల్లో మాడిపోతుంది. బేస్‌మెంట్‌లో సంప్ పంపు (అడుగున చేరే నీళ్లను బయటికి తోడేది) ఉంటే ఇంటి మెయిన్ బ్రేకర్ మాత్రం ఆపకండి, దానికీ ఫర్నేస్‌కూ కరెంటు ఉండాలి.

హీటింగ్ పూర్తిగా ఆపేసి నెలల తరబడి వెళ్లేవాళ్ల సంగతి వేరు. వాళ్లు పైపులు, హీటర్ ట్యాంకు అన్నీ ఖాళీ చేయించి, పైపుల్లో మిగిలిన నీళ్లను కంప్రెసర్ గాలితో ఊదించాలి. సింకు కింద వంపులో, టాయిలెట్‌లో నిలిచే నీళ్లలో ప్లంబింగ్ కోసం అమ్మే ప్రొపిలిన్ గ్లైకాల్ యాంటీఫ్రీజ్ పోయాలి. కార్లలో పోసే ఇథిలిన్ గ్లైకాల్ రకం విషం, అది వాడకూడదు. బాయిలర్, రేడియేటర్లు ఉంటే ఈ పనిని తెలిసిన మనిషికే అప్పగించండి.

తాళం ఎవరికి ఇస్తున్నారు?

సెన్సర్లు, యాప్‌లు ఉపయోగపడతాయి. నీళ్లు తగిలితే ఫోన్‌కు మెసేజ్ పంపేవి, ఇంట్లో వేడి తగ్గితే చెప్పేవి తేలిగ్గా దొరుకుతున్నాయి. కానీ కరెంటు పోతే వైఫై పోతుంది, వైఫై పోతే అవీ మూగబోతాయి. మెసేజ్ వచ్చినా, వేల మైళ్ల దూరంలో ఉన్న మీరు చేయగలిగింది ఎవరికైనా ఫోన్ చేయడమే. అందుకే నడిచి వచ్చి తలుపు తీయగల ఒక మనిషి ఉండాలి. రెండు మూడు రోజులకొకసారి, గట్టి చలి ఉంటే రోజూ, లోపలికి వచ్చి వెచ్చగా ఉందో లేదో చూస్తే చాలు. మెయిన్ వాల్వ్, బ్రేకర్ల పెట్టె, థర్మోస్టాట్ ఫోటోలు తీసి, ఏది ఎటు తిప్పాలో రాసి వాట్సాప్‌లో పంపండి. ప్లంబర్, ఫర్నేస్ మెకానిక్ నంబర్లు కూడా ఇవ్వండి.

ఇన్సూరెన్స్ పాలసీ కూడా తీసి చదవండి. ఖాళీ ఇంట్లో పైపులు గడ్డకట్టి పగిలితే, హీటింగ్ నడిపి ఉంచారా, లేకపోతే నీళ్లు కట్టేసి ఖాళీ చేశారా అని చాలా పాలసీలు చూస్తాయి. కొన్నింట్లో ఎవరైనా వచ్చి చూసి వెళ్లాలన్న షరతు కూడా ఉంటుంది. థర్మోస్టాట్ ఎంతలో ఉందో, వాల్వ్ మూసి ఉందో కనిపించేలా బయల్దేరే రోజు ఫోటో తీసి పెట్టుకోండి.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు తమ ఫ్లాట్ వాల్వ్ ఎక్కడుందో మేనేజర్‌ను అడిగి, ఊళ్లో ఉండటం లేదని చెప్పి వెళ్లండి. మీ పైపు పగిలితే మొదట తడిసేది కింది ఇంటివాళ్లు.

తిరిగొచ్చాక

గబగబా మెయిన్ తిప్పేయకండి. ముందు ఇల్లంతా ఒకసారి తిరగండి. సీలింగ్ మీద మరకలు, ఉబ్బిన గోడ, తడి వాసన ఏమైనా ఉన్నాయేమో చూడండి. తర్వాత ఒకటి రెండు ట్యాపులు తెరిచి ఉంచి మెయిన్ కొద్దికొద్దిగా తిప్పండి. ఒక్కసారిగా తెరిస్తే గాలి, నీళ్లు కలిసి పైపులను బాదుతాయి. ట్యాపుల్లో ధార నిలకడగా వచ్చాక ఒక్కొక్కటే మూస్తూ, సింకుల కింద, టాయిలెట్ల వెనుక, హీటర్ దగ్గర చేత్తో తడిమి చూడండి. ఇప్పుడు మీటర్ మీది త్రికోణం కదలకూడదు. వేడి నీళ్ల ట్యాపులో నీళ్లు నిండుగా వస్తుంటేనే హీటర్ బ్రేకర్ వేయండి. వారాల తరబడి గోరువెచ్చగా నిలిచిన నీళ్లలో ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లీజియొనెల్లా బ్యాక్టీరియా పెరగొచ్చు. అందుకని హీటర్‌ను 60 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కనిచ్చి, ట్యాపుల్లో కొన్ని నిమిషాలు వదిలేశాకే స్నానం చేయండి. ఆ నీళ్లు చేతులు కాల్చేంత వేడిగా ఉంటాయి కాబట్టి, తర్వాత మళ్లీ మామూలు సెట్టింగ్‌కు తగ్గించండి.

ఏదైనా ట్యాపులో నీళ్లు రాకపోతే అక్కడ పైపు ఇంకా గడ్డకట్టి ఉన్నట్టే. మెయిన్ మళ్లీ కట్టేసి, ఆ ట్యాప్ తెరిచి ఉంచి, హెయిర్ డ్రయర్‌తో ట్యాప్ వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి వేడి చేస్తూ రండి. నేల తడిగా ఉంటే డ్రయర్ ముట్టుకోవద్దు, వేడి నీళ్లలో పిండిన గుడ్డలు చుట్టండి. మంట చూపించే పని మాత్రం పెట్టుకోవద్దు. పైపు కనిపించని గోడ లోపల ఉంటే అక్కడితో ఆపి ప్లంబర్‌ను పిలవండి.