కొండపల్లి ఎక్కించిన 22 పళ్ళ చక్రం

సామాను సంచులతో విజయవాడ నుంచి బయలుదేరితే, కొండపల్లి కోట ఘాట్ రోడ్డులో ప్రతిసారీ సైకిల్ దిగి నెట్టేవాణ్ణి. సామాను తగ్గించాను, టైర్లలో గాలి పెంచాను, సీటు ఎత్తు మార్చాను, లాభం లేకపోయింది.

నా సైకిల్‌కు ముందు, పెడళ్ళ దగ్గర గొలుసు తిరిగే మూడు చక్రాల్లో చిన్నదానికి 28 పళ్ళు, వెనక చక్రం దగ్గరున్న వాటిలో పెద్దదానికి 32. ముందున్న చిన్నదాన్ని ఇంకా తక్కువ పళ్ళదానితో మారిస్తే తొక్కడం తేలిక. మొదట చిన్న చక్రం వెనక పక్కపక్కనున్న రెండు బోల్టుల మధ్య దూరం కొలిచాను: 45 మిల్లీమీటర్ల పైచిలుకు. నాలుగు బోల్టులకు అంటే, అవి కూర్చున్న వలయం వ్యాసం 64 మిల్లీమీటర్లు. దానికి 22 పళ్ళది సరిపోతుంది. పుల్లర్ అనే ఊడదీసే పనిముట్టుతో క్రాంక్ (పెడల్ ఉండే కడ్డీ) ఊడదీసి, బోల్టులు విప్పి, కొత్త చక్రం పెట్టి, మరలకు గ్రీజు రాసి బిగించాను. గేరు దాదాపు 21 శాతం తేలికైంది. కొన్నది చక్రం ఒక్కటే, పుల్లర్ అరువు!

ముందూ వెనకా చిన్న చక్రాల మీదకు మారిస్తే మాత్రం గొలుసు వేలాడుతోంది. ఆ జోడీ వాడటం మానేశాను. చక్రాలను రివెట్లతో బిగించిన క్రాంకులకు ఈ వైద్యం పనికిరాదు. అయిదు బోల్టులుంటే లెక్క వేరు.