పొద్దున్నే కారును నిలబెట్టి వేడెక్కించకండి

పెట్రోలు కారును స్టార్ట్ చేసి అయిదు నిమిషాలు గుమ్మం ముందే ఆన్‌లో ఉంచే అలవాటు చాలామందికి ఇంకా పోలేదు. పెట్రోలును గాలితో కలిపే పాతకాలపు కార్బురేటర్లు ఉన్న రోజుల్లో దానికో అర్థం ఉండేది. ఇప్పటి ఇంజిన్లకు మన ఎండల్లో అర నిమిషం చాలు. తర్వాత యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకుండా మెల్లగా బయలుదేరడమే మంచిది.

పొగలోని కార్బన్ మోనాక్సైడును, కాలకుండా మిగిలిన పెట్రోలును, నైట్రోజన్ ఆక్సైడ్లను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ దాదాపు 250-300 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే తప్ప సరిగా పనిచేయదు. స్టార్ట్ చేయగానే ఇంజిన్ కాస్త హోరెత్తి, కొద్దిసేపటికి నెమ్మదించడం మీరూ గమనించే ఉంటారు. చాలా కార్లలో ఆ సమయంలో కంప్యూటర్ కావాలనే పెట్రోలును అంటించే స్పార్కును ఆలస్యం చేసి కన్వర్టర్‌కు వేడి పంపుతుంది. అంటే ఆ కాసేపు కొంత పెట్రోలు వేడి కోసమే ఖర్చవుతుంది. ఆ తర్వాతా నిలబెట్టి ఉంచితే శుద్ధ దండగ. బండి కదిలితే ఇంజిన్ మీద బరువు పడి, వేడి త్వరగా అందుతుంది.

చల్లారిన ఇంజిన్‌ను స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఈ ఖర్చు తప్పదు. అందుకే పాలకోసారి, మందులకోసారి కారు తీయకుండా పనులన్నీ ఒకే చుట్టులో ముగించుకోండి. కిలోమీటరు లోపయితే నడవండి, అది వేరే సంగతి.

డ్యాష్‌బోర్డు మీది ఇంజిన్ లైటు వెలుగుతూ ఆరుతూ మిణుకుమంటుంటే మాత్రం వాయిదా వేయకండి. చాలావరకు అది మిస్‌ఫైర్, అంటే ఇంజిన్‌లో పెట్రోలు సరిగా మండడం లేదన్న హెచ్చరిక. కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి వెళ్లి మండితే లోపలి పింగాణీ జాలీ కరిగిపోతుంది. స్పార్క్ ప్లగ్గుల ఖర్చు దాని ముందు ఏపాటి!

దూరప్రయాణం చేసి వచ్చిన కారును ఎండుగడ్డి మీద ఆపకండి. కారు అడుగున ఉండే కన్వర్టర్ వేడికి గడ్డి అంటుకోగలదు.