మన కళ్లెదుటి ఋతువును కవిత్వంలోకి తెచ్చుకోవడం

కొత్తగా కవిత్వం రాసేవారిలో చాలామంది వాన అనగానే ఆషాఢ మేఘాన్నీ, వసంతం అనగానే కోయిలనూ మావిచిగురునూ తలుచుకుంటారు. నెల్లూరు ప్రాంతపు వానకు ఆ లెక్క సరిపోదు. ఏడాదిలో కురిసే వర్షంలో సగానికి పైగా ఇక్కడ ఈశాన్య ఋతుపవనాల వల్ల అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య వస్తుంది. ఆషాఢంలో తరచుగా కనిపించేది ఎండిన పెన్న ఇసుకే. అందువల్ల పుస్తకాలు చెప్పిన ఋతువును కొంతకాలం పక్కనపెట్టి, మీ ఊరికి నిజంగా వచ్చే ఋతువును గమనించడంతో మొదలుపెట్టండి.

ఇందుకు నడిచి వెళ్లగలిగే ఒక చోటును ఎంచుకుని, ఏడాది పొడవునా అక్కడికే వెళ్లండి. అది చెరువు కట్ట కావచ్చు, పొలం గట్టు కావచ్చు, బస్టాండు పక్కన టీ కొట్టు కావచ్చు. కొత్త చోట్లు వెతుక్కుంటూ తిరగడం కన్నా ఇదే మేలని నా గట్టి నమ్మకం, ఎందుకంటే మార్పు కంటికి ఆనాలంటే మారక ముందటి రూపం మనకు బాగా తెలిసి ఉండాలి. ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని నేలపట్టు పక్షుల కేంద్రానికి ఒక్కసారి వెళ్లినవారికి నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూడబాతుల గుంపు మాత్రమే కనబడుతుంది. వానలు పడ్డాక చెరువు నిండడం, పక్షులు గూళ్లకు పుల్లలు మోయడం, పులికాట్ సరస్సు నుంచి పిల్లలకు చేపలు తేవడం వరుసగా చూసినవారికి మాత్రం ఒక కుటుంబ కథ దొరుకుతుంది.

చూసినదాన్ని ఆ రోజే చిన్న నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ రాతలో ‘అందమైన’, ‘మనోహరమైన’ వంటి మాటలను, పోలికలను పూర్తిగా మానేయండి. ఎవరు, ఏ పని, ఎలా చేస్తున్నారో మాత్రమే రాయండి. ప్రకాశం జిల్లాలో పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గర నిలబడితే, పచ్చగా లోపలికి వెళ్లిన ఆకు రోజుల తరబడి వేడికి మగ్గి పసుపురంగులో బయటికి రావడాన్ని, రాత్రంతా పొయ్యి కనిపెట్టుకుని ఉన్న మనిషి ఎర్రబడిన కళ్లను ఉన్నదున్నట్టు రాయండి. ఆ పని క్రమంలోనే కవితకు కావలసిన నడక ఉంటుంది. తెలియనిదాన్ని ఊహించి రాయకుండా, ‘అన్నా, దీన్ని ఏమంటారు?’ అని అడగండి. కోతల కాలంలో నెల్లూరు రైతు దిగుబడిని పుట్లలో చెబుతాడు. ఆ పుట్టి 850 కిలోలు. కవితలో ఆ మాట పడితే, క్వింటాలు అన్నప్పుడు రాని నేల వాసన వస్తుంది. రైతు కుటుంబంలో పుట్టిన కవికోకిల దువ్వూరి రామిరెడ్డి (1895–1947) కృషీవలుడి మీద కావ్యం రాయగలిగారంటే, సేద్యాన్ని లోపలి నుంచి ఎరిగి ఉండటం అందుకు పెద్ద బలం.

మనుషుల మాటలనూ ఇలాగే పోగుచేయండి. 13వ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి కొలువులో ఉండి భారతంలోని 15 పర్వాలను తెనిగించిన తిక్కన పాత్రలు ఇప్పటికీ మన ముందు నిలబడి మాట్లాడుతున్నట్టు ఉంటాయి. సంతలో బేరం, ఆసుపత్రి వరండాలో ఓదార్పు, నాట్ల మధ్య కూలీలు ఒకరినొకరు పిలుచుకునే తీరు శ్రద్ధగా వినండి. ఎవరి సొంత కష్టాన్నయినా వాడుకునేటప్పుడు పేరు, ఊరు తీసేయండి.

కొన్ని వారాలు గడిచాక ఆ పుస్తకం తెరిచి, ఇప్పటికీ మిమ్మల్ని కదిలించే వాక్యాన్ని ఒక్కదాన్నే తీసుకుని కవిత మొదలుపెట్టండి. ఆటవెలది అయినా వచన కవిత అయినా పైకి చదివి చూసుకోండి. ఊపిరి తడబడిన చోట మాట ఎక్కువైందని అర్థం. చివరికి ఆ పని చేసేవారికే చదివి వినిపించి, ‘ఇది ఇట్లా జరగదు’ అని వారు అన్న పాదాన్ని, అది మీకెంత ఇష్టమైనదైనా, మళ్లీ రాయండి.