రాజు కావాలన్న రోజు: సమూయేలు మొదటి గ్రంథం 8–12 అధ్యాయాలు యూత్‌కి ఎలా చెప్పాలి

మా సంఘంలో శనివారం సాయంత్రం యూత్ బైబిల్ స్టడీ నేనే చూస్తాను. ఇశ్రాయేలులో రాజరికం ఎలా మొదలైందో చెప్పాలంటే చాలామంది మొదటి రాజు సౌలు తలమీద నూనె పోసిన దగ్గర అందుకుంటారు. మీరు ఇంకాస్త వెనక్కి వెళ్లండి.

ముందు న్యాయాధిపతులు 8, 9 అధ్యాయాలు. మమ్మల్ని ఏలు అని జనం అడిగితే, వాళ్లను శత్రువుల నుంచి కాపాడిన గిద్యోను ఒప్పుకోలేదు. ఆయన కొడుకు అబీమెలెకు మాత్రం సొంత అన్నదమ్ముల్ని ఒకే రాతి మీద చంపి షెకెములో రాజయ్యాడు. తప్పించుకున్న తమ్ముడు యోతాము గెరిజీము కొండెక్కి, రాజును వెతుక్కున్న చెట్ల కథ చెప్పాడు. ఒలీవ, అంజూరం, ద్రాక్ష వద్దన్నాక ముండ్లపొద రాజవుతానంది. ఈ కథ మీరు చెప్పకండి, నలుగురు పిల్లల్ని నిలబెట్టి ఆడించండి. ముండ్లపొద వేషానికి పోటీ పడతారు.

ఇక సమూయేలు మొదటి గ్రంథం 8వ అధ్యాయం. మాకు రాజు కావాలంటూ రామాలో ప్రవక్త సమూయేలు దగ్గరికి వచ్చిన పెద్దల్ని వెర్రివాళ్లుగా చూపించొద్దు. వాళ్ల ఫిర్యాదు నిజమే: బెయేర్షెబాలో సమూయేలు కొడుకులు యోవేలు, అబీయా లంచాలు తింటున్నారు. పైగా పొరుగు శత్రువులైన ఫిలిష్తీయుల భయం. ఇశ్రాయేలు దేశంలో ఒక్క కమ్మరి కూడా లేడనీ, నాగలి కర్రు సానపట్టాలన్నా ఫిలిష్తీయుల దగ్గరికే పోవాలనీ 13వ అధ్యాయం చెబుతుంది. అయితే ఒక ప్రశ్న వేయండి: కొడుకులు చెడ్డారని గోల పెట్టినవాళ్లు, తండ్రి తర్వాత కొడుకే వచ్చే పద్ధతిని ఎలా కోరుకున్నారు? మా దగ్గర దీనిమీదే సగం టైమ్ అయిపోతుంది. అవనివ్వండి.

తర్వాత సమూయేలు హెచ్చరికను బోర్డు మీద రాయించండి. రాజు ఏమేం తీసుకుంటాడు? కొడుకుల్ని రథాలకు, కూతుళ్లను వంటకు, రొట్టెలకు, పరిమళద్రవ్యాల పనికి. మంచి పొలాలు, ద్రాక్షతోటలు, ఒలీవతోటలు. పంటలో, మందలో పదోవంతు. పొలమున్న ఇంటి పిల్లలుంటే పది బస్తాలకు ఒక బస్తా అని చెప్పండి, వెంటనే అర్థమవుతుంది.

సౌలు ఎప్పుడు రాజయ్యాడు అని అడిగితే మూడు జవాబులొస్తాయి. గాడిదలు వెతుక్కుంటూ వచ్చినప్పుడు రహస్యంగా అభిషేకం జరిగింది. మిస్పాలో చీట్లు వేస్తే పేరొచ్చింది, తీరా చూస్తే మనిషి సామాన్లలో దాక్కున్నాడు. యాబేష్గిలాదు పట్టణాన్ని అమ్మోనీయుల నుంచి కాపాడాక గిల్గాలులో జనం మళ్లీ రాజుని చేశారు. వేర్వేరు సంప్రదాయాలు ఇక్కడ కలిశాయని చాలామంది పండితులు అంటారు. మూడింటినీ లాగి ఒకటి చేసేయకండి, మూడూ బోర్డు మీద ఉండనివ్వండి.

నాకు 11వ అధ్యాయమే ఇష్టం. యాబేష్గిలాదును ముట్టడించి, సంధి కావాలంటే అందరి కుడికన్నూ ఊడబెరుకుతానన్నాడు అమ్మోను రాజు నాహాషు. డాలు ఎడమ కన్నుకు అడ్డొస్తుంది కాబట్టి కుడికన్ను పోతే యుద్ధానికి పనికిరారని మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ వివరించాడు. నాహాషు అంతకుముందే ఇశ్రాయేలు గోత్రాలైన గాదీయుల, రూబేనీయుల కళ్లు పీకించాడని మృతసముద్రపు చుట్టల్లోని (మృతసముద్రం దగ్గరి గుహల్లో దొరికిన పాత బైబిల్ రాతప్రతులు) ఒక ప్రతిలో అదనంగా ఒక పేరా ఉంది. ఈ కబురు వచ్చేసరికి సౌలు ఎద్దుల వెనక పొలం నుంచి వస్తున్నాడు. రాజుగా ఎన్నికైనా ఇంకా వ్యవసాయమే! ఆ ఎద్దుల్నే ముక్కలు చేసి, యుద్ధానికి రానివాడి ఎద్దులకూ ఇదే గతి అని దేశమంతా పంపాడు.

ఎవరో ఒకరు "ఇవన్నీ నిజంగా జరిగాయా సార్?" అంటారు. దాటేయకండి. క్రీ.పూ. సుమారు 1208 నాటి ఐగుప్తు రాజు మెర్నెప్తా శిలాశాసనంలో ఇశ్రాయేలు పేరు ఉంది. 1993లో ఉత్తర ఇశ్రాయేలులోని తేల్ దాన్‌లో దొరికిన క్రీ.పూ. 9వ శతాబ్దపు శాసనంలో "దావీదు ఇల్లు" (సౌలు తర్వాతి రాజు దావీదు వంశం) అని ఉందని ఎక్కువమంది పండితులు చదువుతారు. సౌలు పేరున్న శాసనం మాత్రం ఇప్పటిదాకా దొరకలేదు. ఉన్నది ఉన్నట్టు చెబితే పిల్లలు మిమ్మల్నే ఎక్కువ నమ్ముతారు.

12వ అధ్యాయంలో "నేనెవరి ఎద్దునైనా తీసుకున్నానా?" అని సమూయేలు అడుగుతాడు. ఆ మాటను బోర్డు మీది లిస్టు పక్కన రాయండి, వేరే వివరణ అక్కర్లేదు. హోంవర్క్‌గా ద్వితీయోపదేశకాండం 17 ఇవ్వండి. గుర్రాలు, భార్యలు, వెండి బంగారాలు రాజు ఎక్కువగా పోగేయకూడదని అందులో ఉంది. దావీదు కొడుకు, రాజు సొలొమోను వీటిలో ఎన్ని పాటించాడో రాజులు మొదటి గ్రంథం 10, 11 అధ్యాయాలు చూసి టిక్కు పెట్టుకు రమ్మనండి.