టర్ఫ్ పరిచే ముందు నీళ్లు పోసి చూడండి

పిల్లల క్రికెట్ కోసం పెరట్లో టర్ఫ్ (ప్లాస్టిక్ గడ్డి) వేయించేవాళ్లు గడ్డి మందం దగ్గరే బేరమాడతారు. అసలు పని దాని కింద ఉంటుంది. కంకర, దానిమీద క్రషర్ డస్ట్ (రాతిపొడి) పోయించి, తడిపి, బాగా దిమ్మిస కొట్టించండి. మీటరుకు 1 సెంటీమీటరు వాలు ఉండాలి, అదీ ఇంటి గోడ వైపు కాదు, కాలువ వైపు.

తర్వాత నాలుగు బకెట్లు గుమ్మరించండి. నీళ్లు నిలిచిన చోట సుద్దతో గీత గీసి, అక్కడ మళ్లీ డస్ట్ పోయించండి. మేం ఇది చేయలేదు. మొదటి వానకే బౌలింగ్ వేసే చోట గుంట పడింది, మొత్తం లేపాల్సి వచ్చింది.

పరిచేటప్పుడు టర్ఫ్ రోల్స్ అన్నిటి పోచలూ ఒకే వైపు వాలాలి, లేకపోతే అతుకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మే ఎండలో మాత్రం నీళ్లు చల్లకుండా పిల్లల్ని వట్టికాళ్లతో దింపకండి, అరికాళ్లు కాలతాయి.